దేవుడి దినచర్య, పాప దినచర్య: నెలల బిడ్డతో కాణిపాకం, శ్రీనివాస మంగాపురం

 

శ్రీనివాస మంగాపురం వీడియో పెట్టాక మీలో ఎక్కువమంది అడిగింది ఆలయ చరిత్ర గురించి కాదు. గుడి బయట నేను మాట్లాడుతుంటే నా భుజం మీద నిద్రపోతున్న పాప గురించి. "అంత చిన్న బిడ్డను తీసుకెళ్లొచ్చా అన్నా?" "మా బాబుకి ఏడో నెల, కాణిపాకం మొక్కు ఉంది, ఎలా ప్లాన్ చేసుకోవాలి?" "ఇంట్లో పెద్దవాళ్లు ఒకటి చెప్తున్నారు, డాక్టర్ ఇంకోటి చెప్తున్నారు, ఎవరి మాట వినాలి?" ఈ మూడో ప్రశ్న మా ఇంట్లోనూ నెల రోజులు నడిచింది. అందుకే దీన్ని రెండు లైన్ల రిప్లైతో వదిలేయలేకపోయాను.

మాది పాకాల. తిరుపతి నుంచి కాట్పాడి వెళ్లే రైలు మార్గంలో ధర్మవరం లైన్ విడిపోయే జంక్షన్. మా పాప నెలలు నిండకుండా పుట్టింది, 33వ వారంలో. మూడు వారాలు ఆసుపత్రిలో గాజుపెట్టెలో ఉంది. ఆ రోజుల్లో మా అమ్మ కాణిపాకం వరసిద్ధి వినాయకుడికి మొక్కుకుంది. బిడ్డ ఇంటికొస్తే ఏడాది తిరిగేలోగా ఆయన సన్నిధిలోనే పుట్టెంట్రుకలు తీయిస్తానని. పాప ఇంటికొచ్చింది, బరువు పెరిగింది, ఎనిమిదో నెల పడింది. అమ్మ క్యాలెండర్ చూడటం మొదలుపెట్టింది. డాక్టర్ గారు మాత్రం, "మాడు ఇంకా పూడలేదు, కత్తి తగిలితే ఇన్ఫెక్షన్ భయం, గుండు ఇప్పుడే వద్దు" అన్నారు. గుడికైతే వెళ్లొచ్చా అని అడిగితే, "గుడికి వెళ్లండి, గుంపులోకి వెళ్లకండి" అన్నారు.

ఇందులో ఏది వదులుకోవాలి? డాక్టర్ మాట కాదనే ధైర్యం నాకూ నా భార్యకూ లేదు. అమ్మ బాధ వేరు. కాణిపాకం అంటే మా జిల్లాలో ప్రమాణాల దేవుడు. ఊళ్లో దొంగతనం జరిగినా, అప్పు తగాదా వచ్చినా, "కాణిపాకంలో ప్రమాణం చేస్తావా?" అంటే చాలామంది అక్కడికక్కడే నిజం చెప్పేస్తారు. అటువంటి దేవుడికి ఇచ్చిన మాట తప్పితే ఆ ఫలితం బిడ్డ మీద పడుతుందేమోనని ఆమె భయం. పైకి చెప్పదు. రాత్రి పాప కొంచెం దగ్గితే చాలు, లేచి కూర్చునేది.

దారి చూపించింది మా ఇంటి పురోహితులు. చౌలం, అంటే పుట్టెంట్రుకలు తీయించడం, మొదటి ఏటనే కావాలని శాస్త్రం పట్టుబట్టలేదు, మూడో ఏడు కూడా చెప్పింది అన్నారు. నేను ఇంటికొచ్చి వెతికాను. మనుస్మృతి రెండో అధ్యాయంలో మొదటి సంవత్సరం గానీ మూడో సంవత్సరం గానీ అని స్పష్టంగా ఉంది. "మొక్కు తీర్చొద్దని నేను చెప్పడం లేదమ్మా. ఇప్పుడు బిడ్డను చూపించి, గడువు అడగండి" అన్నారు ఆయన. గడువు అడగడం అనే మాట అమ్మకు నచ్చింది. ఇచ్చిన మాట వెనక్కి తీసుకోవడం వేరు, సమయం అడగడం వేరు కదా.

అలా ప్రయాణం ఖాయమైంది. వెంటనే ఇంకో సమస్య మొదలైంది, దాని పేరు మా నాయన. కారు మాట్లాడుకుంటున్నామంటే ఆయనకు ఒక్క గుడి సరిపోదు. కాణిపాకం, అరగొండ దగ్గర అర్ధగిరి, శ్రీనివాస మంగాపురం, తిరుచానూరు, శ్రీకాళహస్తి, అన్నీ ఒకే రోజు. మన వైపు అందరి ఇళ్లలో ఈ లిస్టు ఉంటుంది. తెల్లారి బయల్దేరి అర్ధరాత్రి ఇల్లు చేరి, ఏ గుళ్లో ఏం చూశామో గుర్తులేకపోయినా ప్రసాదాల కవర్లు మాత్రం లెక్కగా ఉంటాయి. ఈ లిస్టును ఆపింది మా అవ్వ: "ఎనిమిది నెల్ల బిడ్డను ఏసుకొని అయిదు గుళ్లు తిరుగుతారా? ఆ సామే పెండ్లి చేసుకొని ఆరు నెల్లు కొండెక్కకుండా కిందనే ఉండిపాయ. మీకేం తొందర?"

అవ్వ చెప్పింది శ్రీనివాస మంగాపురం స్థలపురాణమే. దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

గుడికీ బిడ్డకీ ఒకటే టైమ్‌టేబుల్

మన ఆలయాల్లో మధ్యాహ్నం తలుపులు ఎందుకు వేస్తారు? చిన్నప్పుడు నేను అర్చకుల భోజనం కోసం అనుకునేవాణ్ణి. ఆగమ పద్ధతిలో మూలవిరాట్టును రాతిబొమ్మగా కాదు, ఆ ఇంట్లో ఉంటున్న మనిషిగా చూస్తారు. పొద్దున మేలుకొలుపు, తర్వాత స్నానం, వస్త్రం, గంధం, పువ్వులు, ధూపం, దీపం, నైవేద్యం. షోడశోపచారాలు అని మనం సంకల్పంలో గబగబా చదివేసే పదహారూ ఒక ప్రాణిని పొద్దున్నుంచి చూసుకునే పనులే. మధ్యాహ్నం నైవేద్యం అయ్యాక విశ్రాంతి. రాత్రి పడక.

తిరుమలలో ఈ చివరి ఘట్టాన్ని ఏకాంతసేవ అంటారు. వెండి గొలుసులకు వేలాడే మంచం మీద భోగ శ్రీనివాసమూర్తిని పడుకోబెట్టి, పాలు, పండ్లు నివేదించి, తాళ్లపాక వంశం వారు అన్నమయ్య కీర్తన పాడతారు. ధనుర్మాసంలో ఆ పడక చిన్ని కృష్ణుడికి దక్కుతుంది. ప్రపంచాన్ని నడిపేవాడికి రోజూ జోలపాట పాడి పడుకోబెట్టే సంప్రదాయం మనది.

నా భార్య ఫోన్‌లో పాప కోసం ఒక యాప్ ఉంది. ఎప్పుడు లేచింది, ఎప్పుడు పాలు తాగింది, ఎప్పుడు స్నానం, ఎప్పుడు నిద్ర. ఒక రాత్రి దాన్నీ, కాణిపాకం సేవల పట్టికనూ పక్కపక్కన పెట్టి చూశాను. వరుస దాదాపు ఒకటే! గుడి తెల్లవారుజామున తెరుస్తారు, పాప కూడా అప్పుడే లేస్తుంది. మధ్యాహ్నం దేవుడికి విశ్రాంతి, పాపకు పెద్ద నిద్ర. సాయంత్రం ఇద్దరూ మళ్లీ దర్శనానికి సిద్ధం. మనమే మధ్యలో పదకొండు గంటల ఎండలో క్యూలో నిలబడి, ఇటు బిడ్డనూ అటు మననూ హింసించుకుంటున్నాం.

కాబట్టి మా ప్లాన్ ఇది: పొద్దున ఒక గుడి, సాయంత్రం ఒక గుడి, మధ్యాహ్నం ఇల్లు. పాకాలకు ఒక అదృష్టం ఉంది. కాణిపాకం ఒక వైపు, మంగాపురం ఇంకో వైపు, మన ఇల్లు సరిగ్గా మధ్యలో. మీకు అలా కుదరకపోతే ఆ ఊళ్లో బంధువుల ఇల్లో, మధ్యాహ్నానికి ఒక గదో ముందే చూసుకోండి. గది అద్దె వృథా అనిపిస్తుంది. ఆ రెండు గంటల నిద్ర లేకపోతే సాయంత్రం గుడి ఉండదు.

రోజు ఎంచుకోవడం కూడా సగం పని. కాణిపాకంలో వినాయక చవితి నుంచి 21 రోజులు బ్రహ్మోత్సవాలు, నెలనెలా సంకటహర చతుర్థి, ఆదివారాలు, సెలవులు, ఇవన్నీ కొట్టేశాం. మంగాపురంలో మాఘమాసం బ్రహ్మోత్సవాలు రాకముందే, జనవరి చివర్లో ఒక బుధవారం. నేను లీవ్ పెట్టాను.

కాణిపాకం

ఐదు గంటలకల్లా బయల్దేరాం. పాప సీటు వెనక్కి తిరిగి ఉండేలా బిగించాం. అద్దె కారు డ్రైవర్ అన్న దాన్ని వింతగా చూశాడు కానీ, ఒళ్లో పట్టుకోవడం కంటే అదే మేలు, ఈ విషయంలో మొహమాటపడకండి. స్ట్రోలర్ మాత్రం ఇంట్లోనే వదిలేయండి. పాత గుళ్లకు ఎత్తైన గడపలు ఉంటాయి, అది దాటదు. గుడ్డతో ఒంటికి కట్టుకునే క్యారియర్ చాలు. మన అవ్వలు పొలానికి పోతూ కట్టుకున్న జోలెకు అది కొత్త పేరు.

కాణిపాకం కథ మీకు తెలిసే ఉంటుంది. విహారపురి అనే ఊళ్లో ముగ్గురు అన్నదమ్ములు. ఒకరికి చూపు లేదు, ఒకరికి మాట లేదు, ఒకరికి వినికిడి లేదు. బావిలో నీళ్లు తగ్గితే ఒకరు దిగి తవ్వుతుంటే పార రాయికి తగిలి నెత్తురు చిమ్మింది, ఆ నీరు తగలగానే ముగ్గురి లోపాలూ పోయాయి. ఊరివాళ్లు వచ్చి కొట్టిన కొబ్బరికాయల నీళ్లు ఒక కాణి నేల మేర పారాయి. అందుకే కాణిపాకం. స్వామి ఇప్పటికీ ఆ బావిలోనే ఉన్నారు. ఆలయాన్ని 11వ శతాబ్దంలో మొదటి కులోత్తుంగ చోళుడు కట్టించాడని, తర్వాత విజయనగర రాజులు పెంచారని చెబుతారు.

పక్కనే పారే బాహుదా నదికీ ఒక కథ ఉంది, అది మహాభారతం శాంతిపర్వంలో వస్తుంది. శంఖుడు, లిఖితుడు అన్నదమ్ములు. లిఖితుడు అన్న తోటలో పండ్లు అడగకుండా తిన్నాడు. అది దొంగతనమే, రాజు దగ్గరికి వెళ్లి శిక్ష అడుగు అన్నాడు అన్న. రాజు చేతులు తీయించాడు. తిరిగొచ్చి నదిలో మునిగితే చేతులు మళ్లీ వచ్చాయి, బాహువులు ఇచ్చింది కాబట్టి బాహుద. ఆ పండు మామిడి అని మా వైపు చెప్తారు. దామలచెరువు మామిడి మండీల పక్కన పెరిగినవాణ్ణి, చిన్నప్పుడు ఈ కథ వింటే నాకు భయం వేసేది. మా స్నేహితుల్లో ఒక్కడికీ చేతులు మిగిలేవి కావు.

ఈ కథను ఇప్పుడు చదివితే నాకు ఇంకోటి కనిపిస్తుంది. ఇక్కడి దేవుడూ ఇక్కడి నదీ రెండూ సత్యానికి సంబంధించినవే. అయితే ఆ సత్యం శిక్ష దగ్గర ఆగిపోలేదు, పోయిన చేతులు తిరిగి ఇచ్చింది. అమ్మకు దారిలో ఇదే చెప్పాను. ఆమె కిటికీలోంచి బయటకు చూస్తూ ఊఁ కొట్టింది, అంతే.

క్యూ దాదాపు లేదు. ఫోన్లు లోపలికి తీసుకెళ్లనివ్వరు కాబట్టి ఒక జాగ్రత్త: ఎవరు ముందు బయటికొస్తే ఎక్కడ కూర్చోవాలో ఫోన్లు అప్పగించకముందే అనుకోండి. పాప ఏడిస్తే నా భార్య ఆమెను తీసుకుని బయటికొచ్చేయాలి, మేం ఫలానా చోట కలుస్తాం అని మాట్లాడుకున్నాం. ఆ అవసరం రాలేదు. గంటలు మోగుతుంటే పాప చెవుల మీద అరచేతులు పెట్టాం. స్టేషన్ పక్క ఇల్లు మాది, రైలు కూతలకు అలవాటుపడ్డ పిల్ల, ఉలిక్కిపడకుండా దీపాలవైపు చూస్తూ ఉండిపోయింది.

సన్నిధి ముందు అమ్మ పాపను చేతుల్లోకి తీసుకుంది. అర్చకులు గోత్రం అడుగుతున్నారు, నాయన చెబుతున్నారు. అమ్మ అవేమీ వినడం లేదు. నెమ్మదిగా, పక్కింటివాళ్లతో మాట్లాడినట్టు, "సామీ, బిడ్డను తెచ్చినా. చూడు. ఎంటికలు మూడో ఏట ఇస్తా. డాక్టరు ఇప్పుడు వద్దన్నాడు. నేను మరిచిపోలా" అంది. పాప ఆమె పైట చెంగు నోట్లో పెట్టుకుని చప్పరిస్తోంది. అర్చకులు పాప తల మీద చేయి ఉంచి, ఒక పువ్వు అమ్మ చేతిలో పెట్టారు. ఆ రాత్రి అమ్మ తెల్లారేదాకా లేవకుండా నిద్రపోయిందని మరుసటి రోజు నాయన చెప్పారు.

బయటికొచ్చాక మణికంఠేశ్వర స్వామి ఆలయం తప్పకుండా చూడండి. ఇదీ కులోత్తుంగుని కాలానిదే. వినాయకుడి దగ్గర నుంచి నేరుగా ప్రసాదాల కౌంటర్‌కి వెళ్లిపోయేవాళ్లకు ఇదొకటి ఉందనే తెలియదు. పాపకు పాలు పట్టడానికి కాస్త నీడ, నిశ్శబ్దం మాకు అక్కడే దొరికాయి.

తీర్థప్రసాదాల విషయం

ఇక్కడ కొంచెం గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ మొహమాటం ఇక్కడే వస్తుంది. పంచామృతంలో తేనె ఉంటుంది. ఏడాది లోపు పిల్లలకు తేనె చుక్క కూడా నాకించకూడదు. అందులో ఉండే ఒక బాక్టీరియా బీజాలు పెద్దవాళ్లను ఏమీ చేయవు, పసిపిల్లల పేగుల్లో మాత్రం విషం తయారుచేయగలవు, దాన్ని బొటులిజం అంటారు. తీర్థంలో పచ్చకర్పూరం వేస్తారు. కర్పూరం చిన్నపిల్లలకు మంచిది కాదు, పైగా అవి కాచిన నీళ్లు కావు. ఆరు నెలల లోపు బిడ్డకైతే తల్లిపాలు తప్ప మామూలు నీళ్లు కూడా అవసరం లేదు. విభూతి, కుంకుమ పొడి ముక్కు దగ్గరికి, కళ్ల దగ్గరికి వెళ్లనివ్వకండి.

"దేవుడి తీర్థం వద్దంటావా?" అని మా అవ్వ అడిగింది. వద్దనలేదు. నా భార్య తీర్థం తాను తీసుకుని, తడిచేతిని పాప తలకు రాసింది. బిడ్డ తాగేది తల్లి దగ్గరే కాబట్టి తల్లి తీసుకుంటే బిడ్డకు చేరినట్టే అని అవ్వే తర్వాత పక్కింటావిడకు వివరించింది, తనే కనిపెట్టినట్టు. టీకాలు కూడా షెడ్యూల్ ప్రకారం పడ్డాయో లేదో చూసుకుని బయల్దేరండి. 6, 10, 14 వారాల టీకాలు ముఖ్యమైనవి, తట్టు టీకా తొమ్మిది నెలలు నిండాక. నెలలు నిండని బిడ్డయితే నా మాట కాదు, మీ డాక్టర్ మాట వినండి.

ఎనిమిదిన్నరకు ఇంట్లో ఉన్నాం. పాప రెండున్నర గంటలు నిద్రపోయింది. మేమూ.

శ్రీనివాస మంగాపురం

నాలుగు గంటలకు రెండో ప్రయాణం. చంద్రగిరి దారిలోనే తగులుతుంది. విజయనగర రాజుల చివరి రాజధానుల్లో ఒకటి, కోట, రాజమహల్ ఉన్నాయి. నాయన ఆశగా చూశారు. కారు ఆపలేదు, ఆ మెట్లు, ఆ ఆవరణ ఇంకో రోజుకు.

అవ్వ చెప్పిన కథ ఇది. నారాయణవనంలో పద్మావతిని పెళ్లాడిన శ్రీనివాసుడు కొండకు బయల్దేరితే, కొత్త దంపతులు ఆరు నెలలు కొండ ఎక్కకూడదని అగస్త్య మహర్షి చెప్పారు. సరేనని స్వామి ఇక్కడే ఉండిపోయారు. అందుకే ఇక్కడ ఆయన కళ్యాణ వేంకటేశ్వరుడు. తిరుమల వెళ్లలేనివారు ఇక్కడ దర్శనం చేసుకున్నా చాలని నమ్మకం. మన ఇళ్లలో బాలింతనూ బిడ్డనూ ఇన్నాళ్లు గడప దాటనివ్వకపోతే మా తరానికి చాదస్తంగా కనిపిస్తుంది. నా భార్యా మొదట్లో విసుక్కుంది. ఎనిమిది నెలలుగా ఆమె చూసిన బయటి ప్రపంచం ఆసుపత్రి, టీకాలు, అంతే. ఆ సాయంత్రం ప్రాకారంలో నిలబడి, "అంటే ఆయన్ని కూడా ఇంట్లో పెట్టేశారన్నమాట" అని నవ్వింది. ఆ నవ్వు కోసమైనా ఈ గుడి మానకూడదు.

ఈ ఆలయం భారత పురావస్తు శాఖ రక్షణలో ఉంది, పూజలు టీటీడీ చూస్తుంది. 1540 నాటి శాసనం ప్రకారం, అచ్యుతదేవరాయల కాలంలో ఇక్కడి పూజలను మళ్లీ నిలబెట్టినవారు తాళ్లపాక చిన తిరుమలాచార్యులు. అన్నమయ్య మనవడు. దేవుడికి జోలలు రాసిన ఇంటివాడే ఈ గుడిని నిద్రలేపాడు! వీడియోలో ఈ ముక్క చెప్పడానికి సమయం సరిపోలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

చిన్నబిడ్డతో ఇలాంటి పాత, రక్షిత ఆలయాలు ఎందుకు మంచివంటే, ఆవరణ విశాలంగా ఉంటుంది, పచ్చిక ఉంటుంది, వెనక నుంచి తోసేవాళ్లు తక్కువ. నిలబడి చూసే తీరిక దొరుకుతుంది. నడిమధ్యాహ్నం మాత్రం వెళ్లకండి. మన సీమ ఎండకు ఆ రాళ్లు కాలిపోతాయి, బిడ్డను ఎత్తుకుని వేడికి గంతులేయడం ప్రమాదం. సూర్యుడు కొండల వెనక్కి వెళ్తున్నప్పుడు మేం ప్రదక్షిణ చేశాం. మూడో చుట్టుకే పాప నా భుజం మీద నిద్రపోయింది. మీరు వీడియోలో చూసింది ఆ తర్వాతే.

తిరుమల గురించి అడిగినవారికి ఒక మాట: ఏడాది లోపు బిడ్డ ఉన్న తల్లిదండ్రులను సుపథం మార్గంలో పంపుతారు. బిడ్డ జనన ధ్రువపత్రం, మీ ఆధార్ కావాలి. సమయాలు మారుతుంటాయి కాబట్టి బయల్దేరే ముందు టీటీడీ వెబ్‌సైట్ చూసుకోండి.

గుడిమల్లానికి విడిగా ఒక పొద్దు

చరిత్ర మీద ఇష్టం ఉన్నవాళ్లు దీన్ని మిగతా గుళ్లతో కలపొద్దు. తిరుపతి నుంచి రేణిగుంట, ఏర్పేడు వైపు వెళ్లి, పాపానాయుడుపేట మీదుగా చేరుకోవచ్చు. పాపానాయుడుపేట గాజుపూసల తయారీకి పేరున్న ఊరు. అమ్మ పాపకు దండ కొంటానంది, మింగే వయసు దాటాక కొందువులే అని నవ్వి ముందుకెళ్లాం. గుడిమల్లం పరశురామేశ్వర లింగం క్రీస్తుకు పూర్వం రెండు, ఒకటో శతాబ్దాల నాటిదని చాలామంది పండితుల అంచనా. దాదాపు ఐదడుగుల ఎత్తు. లింగం ముందు భాగంలోనే శివుడు నిలబడి ఉంటాడు. ఒక చేతిలో పొట్టేలు, ఇంకో చేతిలో చిన్న పాత్ర, భుజాన గొడ్డలి, పాదాల కింద వంగిన మరుగుజ్జు యక్షుడు. మెడలో పాము లేదు, జంధ్యం లేదు. వేటకెళ్లి ఇంటికొచ్చిన మనిషిలా ఉంటాడు. 20వ శతాబ్దం మొదట్లో టి.ఏ. గోపీనాథరావు దీని గురించి రాశాకే పండిత లోకానికి బాగా తెలిసింది. 1973లో పురావస్తు శాఖ తవ్వకాల్లో అంతకుముందున్న ఇటుక కట్టడం ఆనవాళ్లూ బయటపడ్డాయి.

గర్భగుడి మండపం కంటే పల్లంలో ఉంటుంది, వంగి చూడాలి. బిడ్డ ఒంటికి కట్టి ఉంటే వంగేటప్పుడు ఒక చేయి ఆమె తల వెనక పెట్టుకోండి. శివరాత్రికి ముందు వారం, పొద్దున ఎనిమిదింటికి వెళ్తే అక్కడ మేమూ అర్చకులూ తప్ప ఎవరూ లేరు. దీపం వెలుగు ఆ పొట్టేలు మీద పడగానే పాప చేయి చాచింది. ఊళ్లో మేకలను చూస్తే ఏ శబ్దం చేస్తుందో అదే శబ్దం చేసింది. అర్చకులు హారతి పళ్లెం కొంచెం పక్కకు జరిపి, ఇంకాసేపు చూడనిచ్చారు.